రాతి వెనుక చేరే నీరు: ముంబై తీరాన గాలం వేసేవారికి ఒక పాఠం

ముంబై నగరపు వాయవ్య అంచున, మలాడ్ దాటి మార్వే దారి పట్టినవారికి అక్సా, దానాపానీ, ఎరంగళ్, మఢ్ తీరాలు ఒకదాని తరువాత ఒకటిగా ఎదురవుతాయి. ఈ తీరాల నడుమ నల్లని అగ్నిశిలల గుట్టలు అక్కడక్కడ సముద్రంలోకి చొచ్చుకొని ఉంటాయి. రెండు గుట్టల మధ్య చిన్న ఇసుక ఒడ్డు ఒదిగి ఉంటుంది. ఆదివారాలలో అక్సా ఒడ్డు జనంతో కిక్కిరిసినప్పుడు కూడా ఈ మూలలకు వచ్చేవారు తక్కువ. గాలం వేయడానికి ఏకాంతం కోరుకొనేవారికి ఇవి అందుకే నచ్చుతాయి. అయితే ఆపద వచ్చిన వేళ కేక వేస్తే వినేవారు లేకపోవడం కూడా ఈ ఏకాంతంలోని భాగమే. జీవరక్షకుల కాపలా ఉండేది జనం గుమిగూడే తీరాలలో. రాళ్ళ చాటు మూలలకు వారి చూపు చేరదు.

ముంబైలో స్థిరపడిన తెలుగువారిలో చాలామంది పూర్వీకులు సముద్రం ఎరుగని ప్రాంతాల నుండి వచ్చినవారు. కామాఠీపురాకు ఆ పేరు తెచ్చిన కామాఠీలు నిజాం రాజ్యపు పల్లెల నుండి వచ్చి ఈ నగరపు కట్టడాలలో రాళ్ళెత్తారు. వరళీ, ప్రభాదేవి ప్రాంతాల మిల్లులకూ, భివండీ మగ్గాలకూ వచ్చిన పద్మశాలి కుటుంబాలదీ మెట్ట ప్రాంతమే. వారి ఇళ్ళలో గాలం వేసే నేర్పు ఉన్నట్లయితే అది చెరువుగట్టున అబ్బిన నేర్పు. చెరువులో నీటిమట్టం వానకు పెరుగుతుంది, ఎండకు తరుగుతుంది. గట్టున కూర్చున్న మనిషి లేచేలోగా మాత్రం మారదు. ఉత్తరాంధ్ర తీరం నుండి ఇటీవలి తరాలలో వచ్చినవారి సంగతి వేరు. వారికి అల తెలుసు, సుడి తెలుసు, గాలి మారితే నీరు ఎలా మారుతుందో తెలుసు. విశాఖపట్నం రాళ్ళ మీద, భీమిలి ఇసుక మీద నేర్చిన ఆ అనుభవం తక్కువది కాదు. కాని ముంబై తీరాన ఆ అనుభవం కూడా ఒక విషయంలో దారి తప్పిస్తుంది. ఈ పాఠం ప్రధానంగా ఆ ఒక్క విషయం గురించే.

రెండు సముద్రాలు, రెండు కొలతలు

విశాఖపట్నం వద్ద పౌర్ణమి, అమావాస్యల పోటుకూ ఆటుకూ నడుమ నీటిమట్టపు తేడా ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ముంబైలో అదే తిథులలో ఆ తేడా నాలుగు మీటర్లకు చేరుకొంటుంది. కొన్ని రోజులలో ఇంకా మించుతుంది. అంటే మనిషి నిలువు ఎత్తుకు రెండింతలకు పైగా. దీనికి కారణం సముద్రపు అడుగున ఉన్నది. విశాఖ తీరాన లోతు లేని ఖండతీరపు అంచు ఇరుకైనది. కొద్ది దూరంలోనే సముద్రం లోతుకు దిగిపోతుంది. ముంబై, గుజరాత్ తీరాల ముందు ఆ అంచు వందల కిలోమీటర్ల వెడల్పున పరచుకొని ఉంది. లోతైన సముద్రం నుండి వచ్చే పోటు ఆ విశాలమైన మెరక మీద పైకి పొంగుతుంది. ఖంభాత్ సింధుశాఖ వైపు ఉత్తరంగా పోయిన కొద్దీ, తీరం గరాటులా ఇరుకై, ఆ పొంగు ఇంకా పెరుగుతుంది. భావ్‌నగర్ వద్ద పోటు దేశంలోనే మిక్కిలి ఎత్తయిన వాటిలో ఒకటి.

ఉదయం ఏడు గంటలకు నడిచిపోయి చేరిన రాయి పన్నెండు గంటలకు సముద్రం మధ్యన ద్వీపమై, ఒంటిగంటకు కనబడకుండా పోవడం ఈ తీరాన వింత కాదు. విశాఖ రాళ్ళ మీద పోటు వేళకు పాదాలు తడిసేవి. ఇక్కడ అదే పోటు తలను మించుతుంది.

పోటును మరాఠీలో భర్తీ అనీ, ఆటును ఓహోటీ అనీ అంటారు. పౌర్ణమి, అమావాస్యల పెద్ద పోటును ఉధాణ్ అనీ, అష్టమి ప్రాంతపు చిన్న పోటును భాంగ్ అనీ పిలుస్తారు. తెలుగు పాఠ్యపుస్తకాలలో చదివిన పర్వవేల, లఘువేల అనేవి ఇవే. ఒడ్డున కోలీ జాలరి నోట ఈ మాటలు వినబడినప్పుడు వాటి అర్థం తెలిసి ఉండటం ప్రాణానికి సంబంధించిన భాషాజ్ఞానం. “భర్తీ సురూ ఝాలీ” అని ఎవరైనా కేక వేస్తే, పోటు మొదలైందని వారు హెచ్చరిస్తున్నారన్నమాట.

తిథి లెక్క

కొంకణ తీరాన తరతరాలుగా వాడుకలో ఉన్న ఒక సులభమైన లెక్క తెలుగువారికి కూడా అక్కరకు వస్తుంది, ఎందుకంటే తెలుగు ఇళ్ళ గోడ మీద వేలాడే పంచాంగంలో తిథి ఎలాగూ ఉంటుంది. తిథి సంఖ్యను ముప్పాతికతో గుణించగా వచ్చినది ఆనాటి నిండు పోటు గంట. చవితినాడు నాలుగును ముప్పాతికతో గుణిస్తే మూడు. పగలు మూడు గంటల ప్రాంతాన ఒక నిండు పోటు, తెల్లవారుజామున మరొకటి. అష్టమినాడు ఆరు గంటలకు. పౌర్ణమినాడు పదకొండుంబావు, అంటే మధ్యాహ్నానికి కొంచెం ముందు. శుక్ల పక్షమైనా కృష్ణ పక్షమైనా లెక్క ఒక్కటే. నిండు పోటుకు సుమారు ఆరు గంటల పది నిమిషాల తరువాత నిండు ఆటు వస్తుంది. మరునాడు ఇవన్నీ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి.

ఈ లెక్క అరగంట, ఒక్కొక్కప్పుడు గంట కూడా తప్పవచ్చు. ఒకే రోజు వచ్చే రెండు పోట్లూ ఒకే ఎత్తున ఉండవు, రెండు ఆట్లూ ఒకే లోతున ఉండవు. కాబట్టి తిథి లెక్క రోజును ఎంచుకొనడానికి పనికివస్తుంది. గడియారం చూసి రాయి ఎక్కడానికి మాత్రం ముద్రిత పట్టికనే ఆశ్రయించాలి. ముంబైలో అపోలో బందర్ వద్ద నీటిమట్టాన్ని 1878 నుండి కొలుస్తున్నారు. దేశపు రేవులకు రాబోయే పోటు వేళలనూ ఎత్తులనూ భారత సర్వేక్షణ శాఖ ఏటా ముందుగానే లెక్కించి ప్రకటిస్తుంది. స్థానిక దినపత్రికలలోనూ ఆ వేళలు వస్తాయి.

పట్టికలో “4.6 మీటర్లు” అని కనబడితే దానిని అల ఎత్తుగా భావించేవారు చాలామంది. అది అల ఎత్తు కాదు. సముద్ర పటాలలో సున్నాగా పెట్టుకొన్న అత్యల్ప నీటిమట్టం నుండి నిశ్చల జలం ఎంత ఎత్తుకు చేరుతుందో ఆ సంఖ్య చెబుతుంది. అల దానిపైన అదనం. వర్షాకాలంలో 4.5 మీటర్లు మించిన పోటు వచ్చే రోజుల జాబితాను బృహన్ముంబై మహానగరపాలిక ప్రతి సంవత్సరం ప్రకటిస్తుంది. ఆ జాబితా కేవలం వీధులలో నీరు నిలిచే ప్రాంతాలవారి కోసమని అనుకోరాదు.

మూడవ గంట

నీరు ఆరు గంటలూ ఒకే వేగంతో పెరిగితే మనిషి కళ్ళు దానిని పసిగట్టగలిగేవి. కాని పోటు అలా రాదు. నావికులు వాడే పన్నెండో వంతుల లెక్క ప్రకారం, మొత్తం పెరుగుదలలో మొదటి గంటలో ఒక వంతు, రెండవ గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటలలో మూడేసి వంతులు, ఐదవ గంటలో రెండు, ఆరవ గంటలో ఒకటి వస్తాయి. తేడా నాలుగు మీటర్లు ఉన్న రోజున మొదటి గంటలో నీరు పెరిగేది సుమారు 33 సెంటీమీటర్లు. రెండవ గంటలో 67. మూడవ గంటలో ఒక మీటరు, నాలుగవ గంటలో మరో మీటరు. విశాఖపట్నంలో అదే మూడవ గంటలో పెరిగేది ముప్పై ఐదు సెంటీమీటర్ల ప్రాంతం. మొదటి గంటంతా ముంబై సముద్రం విశాఖ సముద్రంలాగే మెత్తగా ప్రవర్తిస్తుంది. తూర్పు తీరంలో పెరిగిన మనిషి ఆ గంటను చూసి, తనకు తెలిసిన సముద్రమేనని ధైర్యపడతాడు. మోసం అక్కడే ఉంది.

దీనికి తోడు రాతి ఆకారం. సముద్రంలోకి చొచ్చుకొన్న గుట్ట ఒడ్డు నుండి నేరుగా పైకి లేచి ఉండటం అరుదు. సాధారణంగా చివరి భాగం ఎత్తుగానూ, ఒడ్డుకూ దానికీ నడుమ ఒక పల్లం లేక కాలువ వంటి చీలికగానూ ఉంటుంది. ఆటు వేళ ఆ పల్లంలో చీలమండ లోతు నీరు ఉంటుంది, లేక తడి ఇసుక మాత్రమే ఉంటుంది. పోటు మొదలుకాగానే నీరు ముందుగా చేరేది ఈ పల్లంలోకే. గాలం వేసే మనిషి చూపు సముద్రం వైపు, దారం చివర మీద ఉంటుంది. తాను నిలిచిన రాయి ఇంకా మూడడుగుల ఎత్తున పొడిగానే ఉంటుంది. వెనుక మాత్రం నడుములోతు నీరు, అదీ రెండు వైపుల నుండి వచ్చి ఢీకొనే ప్రవాహంతో, నిండిపోయి ఉంటుంది.

ఇక్కడ ఒక దుర్ఘటమైన యోగం ఉంది. చేప ఒడ్డుకు మేతకు వచ్చేది పోటుతోనే. ఆటు వేళ ఎండిన రాళ్ళ సందులలో దాగిన పీతలు, రొయ్యపిల్లలు, పురుగులు నీరు రాగానే కదులుతాయి. వాటి కోసం పండుగప్ప, మాగ, జెల్ల, గొరక వంటివి లోతు నుండి మీదికి వస్తాయి. పోటు మొదలైన రెండవ గంటలోనే గాలం బాగా ఆడటం మొదలవుతుంది. ఉదయమంతా ఖాళీ చేతులతో కూర్చున్న మనిషికి ఆ గంటలో మొదటి చేప పడుతుంది. “ఇంకొక్కటి” అనుకొంటాడు. చేప పడే వేళా, వెనుక పల్లం నిండే వేళా ఒకటే కావడం ఈ తీరంలోని అసలు ప్రమాదం. చేప పడని రోజున రాళ్ళ మీద చిక్కుకొనేవారు తక్కువ.

కనుక వేటను వేళలుగా విభజించుకొనడం మేలు. నీరు తీస్తున్నంతసేపూ రాయి మీద ఉండవచ్చు. నిండు ఆటు దాటి గంట గడవగానే, చేప పడుతున్నా పడకపోయినా, రాయి దిగి ఇసుకకు రావాలి. ఆ తరువాత పోటుతోపాటు ఇసుక మీద వెనుకకు జరుగుతూ గాలం వేయవచ్చు. రాళ్ళ మీదికి మేతకు వచ్చే చేపే ఇసుక పల్లాలలోకి కూడా వస్తుంది. చేతి గడియారంలో దిగే వేళకు అలారం పెట్టుకొనడం చిన్నతనమేమీ కాదు.

రాతిని చదవడం

పట్టిక లేనివారికి రాయే పట్టిక. గుట్ట పక్కకు నిలిచి చూస్తే రంగుల చారలు కనబడతాయి. అన్నిటికంటె కింద జారుడు పచ్చనాచు, దానిపైన రాతికి అతుక్కొన్న ఆల్చిప్పలు, ఆపైన తెల్లని గరుకు పొక్కుల వలె పరచుకొన్న బార్నకిల్ పెంకులు. ఈ జీవులు రోజూ కొంతసేపైనా సముద్రంలో మునగనిదే బ్రతకవు. కాబట్టి పాదాల కింద తెల్లని పెంకులు కరకరమంటున్నాయంటే, తలపైన ఎంత ఎండ కాస్తున్నా, నిలిచినది సముద్రపు అడుగున అని గ్రహించాలి. పెంకుల చార ఆగి, పొడి నల్లరాయి మొదలయ్యే గీతకు బాగా పైన, తుంపరల తడి కూడా లేని చోట సామాను పెట్టుకోవాలి. రాయి ఎక్కే ముందు తిరిగి వచ్చే దారిని కూడా ఇదే దృష్టితో చూడాలి. దారిలో ఎక్కడైనా నాచు గాని పెంకులు గాని ఉంటే, ఆ దారి మూసుకొనే దారి.

ఆటు వేళ ఈ రాళ్ళ మీద కోలీ స్త్రీలు చిన్న ఇనుప పనిముట్టుతో ఆల్చిప్పలు కొట్టి తీయడం చూడవచ్చు. వాటిని వారు కాలవం అంటారు. వారు బుట్టలు సర్దుకొని లేచే వేళను గమనించడం ఏ పట్టికకూ తీసిపోని పాఠం. వారు వెళ్ళిపోయిన తరువాత రాయి మీద మిగిలి ఉండటానికి సరైన కారణమేదీ ఉండదు.

కాళ్ళకు గట్టి అట్ట గల బూట్లు అవసరం. చెప్పులు నాచు మీద జారుతాయి, పెంకులు పాదాలను చీరుతాయి. గాలపు దారాన్ని మణికట్టుకు చుట్టుకొనే అలవాటు చెరువు దగ్గర చెల్లుతుంది. ఇక్కడ పెద్ద చేప లాగినా, అల దారాన్ని పట్టుకొన్నా, మనిషి దారంతోపాటే పోతాడు.

ఇసుక ఒడ్డు

ఇసుక మీద వేట రాయి కంటె క్షేమం. ఆటు వేళ ముందుగా వచ్చి నీరు తగ్గిన ఒడ్డును చూసి ఉంచుకొంటే, ఇసుక మిట్టలు ఎక్కడ ఉన్నాయో, వాటి నడుమ పల్లాలు ఎటు సాగాయో తెలుస్తుంది. చేప ఆ పల్లాల వెంటే వస్తుంది. రొయ్య ఎర, కొద్దిపాటి సీసం, నడుములోతు నీటికి అందే విసురు చాలు. ఎంతో దూరం విసిరితేనే చేప పడుతుందన్నది సరదా వేటగాళ్ళ భ్రమ. కొయ్యింగలు మోకాలి లోతులోనే తిరుగుతాయి, అయితే అవి గాలానికంటె వలకే ఎక్కువ లొంగుతాయి.

ఇసుక మీది ప్రమాదం లోపలికి దిగినప్పుడు వస్తుంది. అలలు విరుగుతున్న ఒడ్డున ఒకచోట మాత్రం అల విరగకుండా, నీరు ముదురు రంగులో నిమ్మళంగా కనబడుతుంది. తెలియనివారు దిగడానికి అదే మంచి చోటని భావిస్తారు. నిజానికి ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అది. అందులో పడినవారు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ ప్రవాహం దాటిన తరువాతే ఒడ్డు వైపు తిరగాలి. అక్సాకు ఉన్న చెడ్డపేరు ఊరికే రాలేదు. ఒడ్డు ఆకారం వర్షాకాలంతో మారిపోతుంది, నిరుడు గట్టిగా ఉన్న చోట ఈ ఏడు పల్లం ఉంటుంది. మార్వే, మనోరి వాగుల ముఖద్వారాల వద్ద ఆటు వేళ నీరు నదిలా లోపలి నుండి సముద్రంలోకి పరుగెడుతుంది. అక్కడ నీటిలో నిలబడి గాలం వేయడం తగదు. మార్వే వైపు నౌకాదళ స్థావరపు కంచె కూడా ఉంది. చేప ఎంత ఉన్నా ఆ హద్దు దాటరాదు.

వర్షాకాలం ముదిరిన నెలలలో పొదలో పాములా ఇసుకలో టేకు చేప ఒదిగి ఉంటుంది. మరాఠీలో దానిని పాకట్ అంటారు. దాని తోకముల్లు విషపూరితం. జెల్ల చేప వీపు మీది, రెక్కల పక్కన ఉన్న ముళ్ళూ అంతే. నీటిలో నడిచేటప్పుడు పాదాలు ఎత్తి వేయకుండా ఇసుకను ఈడ్చుతూ నడిస్తే టేకు ముందే తప్పుకొంటుంది. ముల్లు గుచ్చుకొంటే, గాయపడిన భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో అరగంట నుండి గంటన్నర వరకు ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆపైన వైద్యుని చూపించాలి. పసుపు, సున్నం పూతలతో ఆలస్యం చేయరాదు.

వేట మానవలసిన రోజులు

పశ్చిమ తీరాన యంత్రపడవల వేటకు జూన్ 1 నుండి జూలై 31 వరకు నిషేధం ఉంటుంది. తూర్పు తీరంలో అది ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు. అక్కడి నుండి వచ్చినవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. ఒడ్డున గాలం వేసే మనిషికి ఆ నిషేధం వర్తించదని కొందరు వాదిస్తారు. యంత్రపడవ నడిపే కోలీ జాలరి పడవను ఒడ్డుకు లాగి, శ్రావణ పౌర్ణమినాడు నారళీ పూర్ణిమ జరిపి కొబ్బరికాయ సమర్పించే దాకా సముద్రానికి దూరంగా ఉండే కాలంలో, సరదా వేటగాడు అదే సముద్రపు రాళ్ళ మీద నిలబడటంలో తెలివి లేదు. ఆ నెలలలో పోటుకు నైరుతి ఋతుపవనాల ఉప్పెన అలలు తోడవుతాయి. పది అలలు రాయిని తాకకుండా పోయి, పదకొండవది మనిషిని తుడిచిపెట్టుకొని పోగలదు. కొన్ని తీరాలలో ప్రవేశాన్నే పోలీసులు అడ్డుకొంటారు. అడ్డు లేని మూల వెతుక్కొని వెళ్ళడం వారిని ఓడించడం కాదు.

ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న వేసవి రోజున కూడా దూర దక్షిణ సముద్రాలలో పుట్టిన పొడుగాటి అలలు హఠాత్తుగా ఒడ్డును ముంచవచ్చు. కేరళీయులు దీనిని కల్లక్కడల్, అనగా దొంగ సముద్రం అంటారు. ఇటువంటి అలల హెచ్చరికలను ఇచ్చేది హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్. సముద్రపు గాలి సోకని తెలుగు నగరం నుండి దేశపు తీరాలన్నిటికీ అల వార్త వెళ్ళడం విచిత్రంగా తోచవచ్చు. గాలం సర్దుకొనే ముందు ఆ హెచ్చరికను చూసుకొనడం చాలు.

చేప విషయంలోనూ ఒక హద్దు ఉంది. మహారాష్ట్రలో 2023లో 54 జాతుల చేపలకు పట్టదగిన కనీస పరిమాణాన్ని నిర్ణయించారు. జానెడు కూడా లేని పండుగప్ప పిల్లను సంచిలో వేసుకొనడం వలన ఇంట్లో కూర కాదు, రేపటి వేటకు చేపా మిగలదు. తెగిన నైలాన్ దారాన్ని రాళ్ళలో వదలకుండా చుట్టి తెచ్చుకోవాలి. కోలీలు వలలు ఆరబెట్టే చోట, చేపలు ఎండబెట్టే పందిళ్ళ దగ్గర గాలం విసరరాదు. వారితో “భావూ” అనో, “కాకా” అనో పలకరించి నీటి సంగతి అడిగితే సాధారణంగా ఓపికగా చెబుతారు.

చిక్కుకొన్నప్పుడు

వెనుక పల్లం నిండిందని ఆలస్యంగా తెలిసినప్పుడు మొదటి ప్రశ్న లోతు ఎంత అన్నది. మోకాలు దాటని నీరు, అదీ నెమ్మదిగా ఉన్నది, అయితే సామాను వదిలి వెంటనే దాటవచ్చు. నడుము దాటి ప్రవాహం ఉంటే దిగరాదు. గుట్టలో అన్నిటికంటె ఎత్తయిన, పెంకులు లేని చోటికి ఎక్కి, సహాయం కోసం పిలవాలి. అత్యవసర సేవలకు 112, మహానగరపాలిక విపత్తు నియంత్రణ గదికి 1916, తీరరక్షక దళానికి 1554 పనిచేస్తాయి. మఢ్ దారిలో అన్ని మూలలూ బయటివారికి ఒకేలా కనబడతాయి కాబట్టి, దగ్గరి తీరం పేరు, రోడ్డు వైపు కనబడే గుడి లేక చర్చి గుర్తు చెప్పగలగాలి. పొట్టు గల రక్షక జాకెట్ వేసుకొని వచ్చినవాడు వేచి ఉండగలడు. గాలపు కర్ర ఖరీదు చేసేవారు జాకెట్‌కు వెనుకాడటం ఈ వేటలో తరచుగా కనబడే పొదుపు.

అభ్యాసం: శుద్ధ విదియ ఆదివారం నాడు వచ్చింది. తిథి లెక్క ప్రకారం నిండు పోటు పగలు ఒకటిన్నరకు. అంతకు ఆరు గంటల పది నిమిషాల ముందు, అనగా ఉదయం ఏడుంబావు దాటాక, నిండు ఆటు. ఉదయం నీరు తీస్తుండగా, వెలుగు వచ్చీరాగానే రాయి ఎక్కినవారు ఎనిమిదింబావు దాటగానే దిగాలి. లెక్కలో గంట తప్పు ఉండవచ్చు కనుక ఏడున్నరకే దిగితే మంచిది. సాయంత్రపు ఆటు దాదాపు ఏడుముప్పావుకు, చీకటిలో. ఆ వేళ రాయి ఊసే వద్దు. ఇదే లెక్కను బహుళ పంచమికి వేసి, రాయి ఎక్కదగిన వేళనూ దిగవలసిన వేళనూ కనుగొని, ఆనాటి ముద్రిత పట్టికతో సరిపోల్చి చూడండి.